మడ అడవికి మొక్క కన్నా ముందు కాలువ

మడ అడవుల పునరుద్ధరణ గురించి ప్రభుత్వాలు చెప్పే లెక్క ఎప్పుడూ మొక్కల లెక్కో, హెక్టార్ల లెక్కో అయి ఉంటుంది. 2023 జూన్ 5న కేంద్ర ప్రభుత్వం మడ అడవుల పెంపకానికి మొదలుపెట్టిన మిష్టీ పథకం కూడా తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి 540 చదరపు కిలోమీటర్ల లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యంలో తప్పు లేదు. కానీ గోదావరి డెల్టాలో 1990ల చివరి నుంచి జరిగిన పనిని గమనిస్తే, ఎన్ని మొక్కలు నాటారన్నది అన్నిటికన్నా చివర అడగవలసిన ప్రశ్న అనిపిస్తుంది.

తూర్పు తీరంలో ఒకప్పుడు అటవీ శాఖే కూపులు (వంతులవారీగా నరికే అడవి ముక్కలు) వేసి మడలను నరికించేది. నీడ పోయిన బురద నేల ఎండకు ఆరి, కుంగి, పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకు అందులో చేరిన ఉప్పునీరు ఆటుకు వెనక్కి పోలేక అక్కడే ఆవిరవుతుంది. ఏటేటా ఉప్పు పేరుకుని నేల ఎంత చౌడుబారుతుందంటే, ఆనుకుని ఉన్న అడవి నుంచి విత్తనం కొట్టుకొచ్చినా వేరూనదు. అలాంటి పర్రలో, అంటే చౌడు బయలులో, నర్సరీ మొక్కను నాటడం ఫొటోకు పనికొస్తుందేమో గాని అడవికి పనికిరాదు.

ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ తమిళనాడులోని పిచ్చావరంలో అనుసరించి, తర్వాత అటవీ శాఖతో కలిసి గోదావరి, కృష్ణా డెల్టాలకు తెచ్చిన పద్ధతి ఈ కారణం దగ్గరే మొదలవుతుంది. ఏటిపాయ నుంచి ఒక ప్రధాన కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా కనిపిస్తుంది. ఆటుపోట్లు రోజూ నేలను కడగడం మొదలయ్యాక కాలువ గట్ల వాలులో తెల్లమడ వంటి మొక్కలు నాటుతారు. కాలువ ఎక్కడ తీయాలో చెప్పడానికి సర్వే పటం ఒక్కటే చాలదు. పోటు ఏ పక్క నుంచి ఎక్కుతుందో, ఏ పాయ వేసవిలో పూడిపోతుందో చెప్పగలిగేది అక్కడ రోజూ మండపీతలు, రొయ్యలు పట్టుకునేవారే.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. పోటుతో నీరే కాదు, ఒండ్రు కూడా వస్తుంది; పిల్ల కాలువలు పూడిపోతాయి. పూడిక తీయకపోతే చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. మత్స్యకార గ్రామాల్లో వనసంరక్షణ సమితులను, ఎకో డెవలప్‌మెంట్ కమిటీలను ఏర్పరచడంలో ఉద్దేశం ఈ బాధ్యత ఊరిదిగా చేయడమే. అయితే ప్రాజెక్టుకు గడువు ఉంటుంది, ఒండ్రుకు ఉండదు. నిధులు ఆగాక కూడా జనం వచ్చి ఉచితంగా బురద ఎత్తాలని ఆశించడం, దాన్ని 'ప్రజల భాగస్వామ్యం' అని పిలవడం నాకు న్యాయంగా తోచదు. పూడికతీతకు ఏటా ప్రత్యేక పద్దు, ఆ కూలి స్థానిక మత్స్యకారులకే దక్కే ఏర్పాటు ఉండాలి.

కూలితో పాటు హక్కు మాట కూడా ఉంది. గోదావరి డెల్టాలోని కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. అక్కడి ఏటిపాయల్లో చేపల వేటను అధికారులు ఆంక్షల కళ్లతోనే చూస్తారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలోని నీటి వనరుల్లో చేపలపై సామూహిక హక్కును గుర్తించింది. కానీ తీరంలోని మత్స్యకారుల్లో అత్యధికులు గిరిజనులు కారు కాబట్టి, మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉండి ఆ అడవి మీదే బతుకుతున్నట్టు రుజువు చూపాలి. ఉప్పెనలకు ఊళ్లే చెదిరిపోయిన తీరంలో ఆ కాగితాలు ఎవరి పెట్టెలో దొరుకుతాయి?

అటవీ శాఖ ఒక చోట కాలువలు తవ్విస్తుండగా, 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం ప్రభుత్వమే మడ నేలను చదును చేయించింది. ఆ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మడ నేల స్థానికుల ప్రమేయం లేకుండా చేతులు మారకూడదంటే, మిష్టీ పనులు మొదలయ్యే ప్రతి చోటా మొక్కల టెండరు కన్నా ముందు గ్రామసభ తీర్మానం, పాయల పటం, వేట హక్కుల నమోదు జరగాలి.