అటకెక్కని సర్వే రిపోర్టు గారికి

మహారాజశ్రీ రిపోర్టు గారికి,

బరంపురం నుంచి నమస్కరించి రాయునది. నేను కొనబోయే పాతింటిని ఇంజనీరు గారు చూసి రాసిన మీరు నిన్న సాయంత్రం వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా దయచేశారు. రంగుల అట్ట, ఇంజనీరు గారి ముద్ర, ఇంటి ముందు ఆయనే నిలబడి దిగిన ఫోటో. చూడగానే చేతులెత్తి దణ్ణం పెట్టాం. చదివాక ఆ చేతులు నెత్తిమీదకి వెళ్ళాయి.

చూసినవి చూశారు, కాదనను. గానుగ సున్నంతో కట్టిన వంటింటి గోడకి ఎవరో పుణ్యాత్ములు సిమెంటు పూశారనీ, లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక పెచ్చులూడుతున్నాయనీ రాశారు. పనికొచ్చే మాటే. పెరటివైపు కొత్తగా వేసిన స్లాబు మీద రీబౌండ్ హ్యామర్‌తో టకటకా కొట్టారు. అది పైపొర గట్టిదనమే చెబుతుంది, లోపలి ఇనుము తుప్పు సంగతి చెప్పదని అడుగున చిన్నక్షరాల్లో మీరే అన్నారు. మరి తుప్పు? 'నిపుణులను సంప్రదించగలరు.' వైరింగు? నిపుణులు. చెదలు? ఇంకో నిపుణులు. 'లిఫ్టు: వర్తించదు' అని మాత్రం ఎవరి సాయమూ లేకుండా తేల్చేశారు.

ఇదంతా దిగమింగుతాను. గొంతుకి అడ్డం పడ్డది ఒక్క ముక్కే. 'అటక, పైకప్పు లోపలి భాగం: నిచ్చెన అందుబాటులో లేనందున పరిశీలించబడలేదు.'

బాబూ, ఇది పెంకుటిల్లు. 1936లో ఒరిస్సా ఏర్పడక ముందే, ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే కట్టింది. దీని ప్రాణమంతా దూలాల్లో ఉంటుంది. దూలాల ప్రాణం గోడలోకి దూరిన ఆ జానెడు కొసల్లో ఉంటుంది. నడిమిభాగం ఎంత గట్టిగా ఉన్నా, పెంకు జారినచోట కారిన వాన గోడలోకి దిగి, గాలి తగలని ఆ కొసల్నే నానబెడుతుంది. ఆ చెమ్మకే చెదలు చేరేది. పైకెక్కి స్క్రూడ్రైవరు మొనతో ఒక్క పోటు పొడిస్తే తేలిపోతుంది. బాగున్న కర్రయితే మొన ఆగుతుంది, పుచ్చిందయితే అటుకుల బస్తాలోకి దిగినట్టు దిగుతుంది. ఆ ఒక్క పోటు కోసమే కదయ్యా మీకు ఫీజిచ్చింది!

నిచ్చెన లేదట. పక్కింట్లో ఉంది. ఎదురింట్లో ఉంది. ఏటా దసరాకి సున్నాలు కొట్టుకునే వీధిలో నిచ్చెన దొరకలేదా? అడిగితేగా! ఇంటాయన ఇచ్చిన కొబ్బరినీళ్ళు తాగి, ఆయన "పైన ఢోకా లేదండీ, ఫైలిన్ తుపానుకే కదల్లేదు" అంటే ఇంజనీరు గారు తలూపారు. తలూపడం కూడా సర్వే కింద లెక్కే కాబోలు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను మాకెవరికీ చెప్పక్కర్లేదు. ఈ వీధిలో పెంకులు ఎగిరిపోని ఇల్లు లేదు. మళ్ళీ పెంకు వేసేలోపు లోపలికి కారిన నీళ్ళు ఎక్కడికి పోయాయో చూడండి మహాప్రభో అనే నా మొర.

నువ్వే ఎక్కి పొడుచుకోవచ్చుగా అంటారేమో. ఇవాళ పొద్దున అదే చేశాను. వీధివైపు కొసలో మొన పిడిదాకా దిగింది. దిగి ఏం లాభం? నా పోటుకి ఇంటాయన ఒక్క రూపాయి తగ్గిస్తాడా? "మీకేం తెలుసండీ" అన్నాడు. కొస పుచ్చిందన్న మాట ముద్రేసిన కాగితం మీద ఉంటే బేరం వేరుగా ఉండేది, బ్యాంకువాళ్ళ మొహం వేరుగా ఉండేది. ఎల్లుండి అడ్వాన్సు. ఇంట్లో మా ఆవిడ "రిపోర్టు వచ్చేసిందిగా" అని గృహప్రవేశానికి ముహూర్తం అడిగేసింది.

మీ ఆఖరి పేజీలో 'మిగతా ఫీజు వెంటనే చెల్లించగలరు' అని లావు అక్షరాల్లో ఉంది. ఆ పేజీకి నిచ్చెన అవసరం పడలేదు చూశారా. సరే, చెల్లించేశాను. కవర్లో పెట్టి, ఇంజనీరు గారి పేరు రాసి, అటక మీద ఆ పుచ్చిన కొస పక్కనే ఉంచాను. ఎక్కి తీసుకోమనండి.

ఇట్లు,
మీ ఖాతాదారు