అడవి పెద్ద ఎవరికి లెక్క చెప్పాలి?

భాకరాపేట ఘాట్ దాటాక ఓ కొండ కింద మా మామ ఊరు. ఆ ఊరి వన సంరక్షణ సమితికి, అంటే అటవీ శాఖతో కలిసి ఊరి పక్క అడవిని చూసుకునే సంఘానికి, ఆయన ఛైర్మన్. ఇప్పటికీ ఛైర్మనే, ఎందుకంటే మళ్లీ ఎన్నిక పెట్టినవాళ్లు లేరు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు సమితి మినిట్స్ పుస్తకం చూపించమని అడిగితే అటక మీంచి తీశాడు. ఎర్ర గుడ్డ అట్ట, మూలల్లో చెదలు. లోపల తీర్మానాలన్నీ ఒకటే చేతిరాత, అదీ మామది కాదు. ‘ఫారెస్టాయన రాసుకొచ్చేటోడు, మేం సంతకాలు పెట్టేటోళ్లం’ అన్నాడు, ఇందులో దాచేదేముంది అన్నట్టు. చివరి పేజీల్లో ఇంకో చిత్రం. కింద వేలిముద్రలు వరసగా ఉన్నాయి, పైన తీర్మానం మాత్రం ఖాళీ.

కెనడా పడమటి తీరంలో కోర్టెస్ అని ఒక చిన్న దీవి ఉంది. జనం వెయ్యి మంది చిల్లర. అక్కడికి పోవాలంటే కాంప్‌బెల్ రివర్ ఊళ్లో ఒక ఫెర్రీ ఎక్కి క్వాడ్రా అనే దీవిలో దిగాలి, ఆ దీవిని అడ్డంగా దాటి ఇంకో ఫెర్రీ ఎక్కాలి. 2012లో ఒక కలప కంపెనీ తన సొంత భూముల్లో చెట్లు కొట్టడానికి వస్తే దీవి జనం దారికి అడ్డంగా నిలబడ్డారు. ఆ మరుసటి ఏడాది, అదే దీవిలోని ప్రభుత్వ అడవిని చూసుకునే కమ్యూనిటీ లైసెన్సు వాళ్లకు దక్కింది. లైసెన్సు ఎవరి చేతిలో ఉందన్నదే నాకు ఆసక్తి. అందులో సగం వాటా క్లహూస్ అనే ఆదివాసీ జాతిది, సగం మిగతా దీవివాసుల సహకార సంఘానిది. ఆదివాసులకు కమిటీలో ఒక కుర్చీ వేసి సరిపెట్టలేదు.

ఆ సంఘానికి డైరెక్టర్లు సభ్యుల ఓట్లతో వస్తారు. ఏ చెట్టు కొట్టాలి, ఏది ఉంచాలి, కలపను దీవిలోని రంపపు మిల్లుకు ఇవ్వాలా, బయటికి అమ్మాలా అన్న గొడవలన్నీ వాళ్లూ క్లహూస్‌వాళ్లూ కలిసి మోయాల్సిందే. వెయ్యి మంది ఉన్న చోట డైరెక్టర్ తప్పించుకు తిరగలేడు. పొద్దున నిర్ణయం తీసుకుంటే సాయంత్రం ఫెర్రీ దగ్గర ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు. మనకు ఇది అర్థం కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక పులికాట్ సరస్సులోని ఇరకం దీవి ఈ జిల్లాలోకే వచ్చింది. తడ మండలం భీములవారిపాలెం రేవులో పడవెక్కితేనే అక్కడికి దారి. ఆ పడవలో మీ పక్కన కూర్చున్న మనిషికి మీరు బాకీ ఉన్నారనుకోండి, మధ్యలో దిగిపోవడానికి బస్టాపు ఉండదు.

దీవివాళ్లు మనకంటే మంచివాళ్లని నేననడం లేదు. అలాంటి చోట్ల బడి కమిటీలోనూ, ఫైరింజన్ దగ్గరా, అడవి సంఘంలోనూ అదే పదిమంది కనిపిస్తారు. కొన్నాళ్లకు అలిసిపోతారు. జీతం లేని పెద్దరికం, పైగా ఇరుగుపొరుగుతో మాటపట్టింపులు. చెట్టే కొట్టొద్దనేవాళ్లూ, చెట్టు కొడితేనే పని దొరికేవాళ్లూ ఒకే వీధిలో ఉంటారు. ఆ టెన్షన్ అంతా డైరెక్టరుకే. కానీ ఆ టెన్షన్ పక్కింటి నుంచి వస్తుంది, ఆఫీసు నుంచి కాదు. తేడా అక్కడే ఉంది.

మన సమితులు కాగితం మీద తక్కువేమీ కాదు. అడవిని చూసుకోవడంలో ఊరివాళ్లనూ కలుపుకోవాలని 1988 అటవీ విధానం, 1990 జూన్ 1 నాటి కేంద్రం ఉత్తర్వు, ఆ తర్వాత 1992లో మన రాష్ట్రం ఉత్తర్వు. ఇంటికి ఇద్దరు సభ్యులు, ఒక ఆడ, ఒక మగ. అప్పటికి అది పెద్ద మాటే. తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బు వచ్చింది. 2002లో ‘ఉమ్మడి అటవీ యాజమాన్యం’ అన్న పేరులో ‘ఉమ్మడి’ తీసేసి ‘సమాజ’ అటవీ యాజమాన్యం అన్నారు. పేరు మారింది గానీ మామ ఊళ్లో చెక్కు మీద రెండో సంతకం మాత్రం శాఖ మనిషిదే. కందకాలు తవ్వారు, రాళ్ల కట్టలు కట్టారు, మొక్కలు నాటారు. కూలి దొరికింది, కొన్ని బావుల్లో నీళ్లూ పెరిగాయి, అది నిజం. కాకపోతే ఛైర్మన్ చేసిన పనల్లా మస్టరు రాయించడం, మనుషుల్ని పిలవడం. అడవి పెద్ద కాస్తా కూలీ మేస్త్రీ అయ్యాడు. ప్రాజెక్టు డబ్బు ఆగిన రోజు మేస్త్రీకీ పని ఆగిపోయింది.

మామ ఇప్పుడు ఎండాకాలంలో కొండకు నిప్పంటుకుంటే గార్డుకు ఫోన్ చేస్తాడు. మా తాత కాలంలో ఊరంతా పచ్చి కొమ్మలు పట్టుకుని పైకి పోయేదట. ఎందుకు పోరు మామా అంటే, ‘పోతే యాడ కేసు పెడతారోనని బయం నాయనా’ అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. మన అదృష్టమూ, శాపమూ అదే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయాక, కొండెక్కే ప్రతి మనిషీ ఒక అనుమానమే. ఇలాంటి చోట సమితి పెద్దగా ఉండటమంటే స్మగ్లర్ల కంటా పడాలి, టాస్క్‌ఫోర్స్ కంటా పడాలి. కోర్టెస్ డైరెక్టర్లకు ఈ బాధ లేదు. శాఖ మొత్తం తప్పుకోవాలని అందుకే నేననను. కాపలా శాఖదే ఉండనీ. ఉసిరి, చింతపండు, చీపుర్ల లెక్క, ఏ వాలులో మేత ఆపాలన్న మాట ఊరిది కావాలి.

ఊరిది అన్నప్పుడు ఊళ్లో ఎవరిది? దీవి పోలిక ఇక్కడ కుంటుపడుతుంది. మామ ఊరికి సముద్రం లేదు గానీ ఊరికీ యానాది గిరిజనుల కాలనీకీ మధ్య ఒక వంక ఉంది. వానాకాలంలో తప్ప అందులో నీళ్లుండవు, అయినా దాటేవాళ్లు తక్కువ. అడవి తెలిసినవాళ్లు వంకకు ఆవల, సంతకాలు వంకకు ఇవతల. క్లహూస్‌వాళ్లకు సగం ఇచ్చిన పద్ధతి మనకు చెప్పేది దీని గురించే అని నా లెక్క. మన 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు పోయి సామూహిక అటవీ వనరును, అంటే ఊరంతా కలిసి వాడుకునే అడవిని, గ్రామసభ చేతిలో పెట్టింది. ఆ హక్కుల దరఖాస్తులు చూసే కమిటీలో మూడింట రెండు వంతులు గిరిజనులుండాలని 2012 సవరణ నియమాలు చెప్పాయి. ఉమ్మడి రాష్ట్రంలో మొదట ఏం చేశారయ్యా అంటే, చాలా చోట్ల సామూహిక హక్కు పత్రాలను గ్రామసభకు బదులు వన సంరక్షణ సమితుల పేరిట రాశారు. అంటే ఆ పాత చేతిరాతకే కొత్త పుస్తకం ఇచ్చారు.

మామ పుస్తకంలో ఉపాధ్యక్షురాలిగా కాలనీ ఆమె పేరు ఉంది. కనుమ రోజు ఆయన్ను వెంటబెట్టుకుని వంక దాటి పోయాను. ఆమె గడప ముందు ఈత చీపుర్లు కడుతోంది. ‘నేనా, వైసా?’ అని నవ్వింది. ఎప్పుడో వేలిముద్ర వేయించుకున్నారు, కూలీ డబ్బుల కోసమనుకుందట. తర్వాత మాటల్లో పడి, ఉసిరి ఈసారి ఏ వాలులో కాసిందో, ఏ బండ కింద మే నెలలోనూ తేమ ఉంటుందో, ఎలుగుబంటి ఏ దారిన దిగుతుందో చేత్తో కొండ వైపు చూపిస్తూ చెప్పింది. మామ నిలబడే విన్నాడు.

‘ఇయ్యేటివీ మన బుక్కులో లేవే’ అన్నాడు, వంక దాటుతూ.