మామా, మీకిప్పుడు హాయే కదా!

మొన్న నాయుడుపేటలో పెళ్ళికి వెళ్తే, మా అక్క కొడుకు పక్క ఆకు దగ్గర కూర్చుని అన్నాడు: “మామా, మీకిప్పుడు హాయే కదా! ఫోనుంటే చాలు, న్యూస్ అయిపోతుంది.” పప్పు కలుపుకుంటున్నాను కాబట్టి నవ్వి ఊరుకున్నాను. తిరుగు రైల్లో సూళ్ళూరుపేట దాటేదాకా ఆ మాటే బుర్రలో తిరిగింది. అందుకే ఈ సోది. ఓపికున్నవాళ్ళు చదవండి.

చెన్నైలో తెలుగు ఛానళ్ళకి కెమెరా పట్టి పాతికేళ్ళు దాటింది. నేను మొదలుపెట్టింది బీటాక్యామ్ అనే టేపు కెమెరాతో. బ్యాటరీ, టేపు అన్నీ కలిపితే ఏడెనిమిది కిలోలు. పొద్దున భుజానికెత్తితే సాయంత్రానికి మెడ ఒక పక్కకే తిరిగేది. అప్పుడు బండిలో నలుగురం: డ్రైవరు, రిపోర్టరు, నేను, నా అసిస్టెంటు.

ఆ అసిస్టెంటు గురించి చెప్పాలి. ట్రైపాడ్ మోయడం, లైటు పట్టుకోవడం, వైట్ బ్యాలెన్స్‌కి, అంటే రంగులు సరిగ్గా రావడానికి, తెల్ల కాగితం చూపించడం బయటికి కనిపించే పని. అసలు పని వేరు. ఎవరైనా పెద్దమనిషి నడిచి వస్తుంటే మేం వెనక్కి నడుస్తూ తీయాలి కదా, అప్పుడు వాడు నా వెనక నిలబడి నా బెల్టు పట్టుకునేవాడు. మెట్టు వస్తే ఒకసారి లాగుతాడు, గుంట వస్తే పక్కకి గుంజుతాడు. నా ఒక కన్ను వ్యూఫైండర్‌లో ఉంటే, వీపు వెనక వాడి రెండు కళ్ళూ ఉండేవి. పాతికేళ్ళలో నేను పడింది రెండేసార్లు. రెండూ వాడు లేకుండా పోయాకే.

టేపు అరగంట. అంతకు మించి పట్టదు. కాబట్టి ఎప్పుడు రోల్ చేయాలో, ఎప్పుడు ఆపాలో మనమే తేల్చుకోవాలి. బైట్‌లో, అంటే మైకు ముందు ఎవరైనా చెప్పే మాటల్లో, సోది మొదలైతే కట్. కటవేలకి, అంటే మధ్యమధ్యలో వేసే చుట్టుపక్కల షాట్లకి, ఐదు నిమిషాలు మిగుల్చుకోవాలి. సాయంత్రం సెంట్రల్ స్టేషన్‌కి పరిగెత్తి, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళే తెలిసినవాళ్ళ చేతికి క్యాసెట్ ఇచ్చి పంపిన రోజులున్నాయి. అక్కడితో ఆ రోజు పని అయిపోయేది. ఇంటికెళ్ళి పిల్లలతో అన్నం తినేవాణ్ణి.

పాత రోజులే బంగారం అంటున్నానని అనుకోవద్దు. ఆ మెషీన్లతో మా తిప్పలు మీకు తెలియవు. ఏసీ కార్లోంచి మెరీనా గాలిలోకి దిగితే చాలు, టేపు తిరిగే డ్రమ్ మీద చెమ్మ పట్టి కెమెరా మొరాయించేది. ఆరేదాకా అది కదలదు, అవతల ఊరేగింపు ఆగదు. అందుకని స్పాట్ దగ్గర పడగానే ఏసీ ఆపించేవాణ్ణి. మే నెలలో డ్రైవరు నన్ను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు ఫోన్‌కి చెమ్మ గోల లేదు. దాని గోలంతా ఎండే. మధ్యాహ్నం లైవ్‌లో పావుగంట నిలబెడితే వేడెక్కి దానంతట అదే పడుకుంటుంది. చెన్నై వాతావరణానికి సరిపడే కెమెరా ఇంకా పుట్టలేదు.

మావాడు చూడనిది ఇదీ. కెమెరా సన్నబడ్డ ప్రతిసారీ బండిలోంచి ఒక మనిషి దిగిపోయాడు.

2003 తర్వాత సోనీ పీడీ 170 వచ్చింది. కిలోన్నర బరువు. పెళ్ళి వీడియోలవాళ్ళ చేతిలోనూ అదే, మా చేతిలోనూ అదే. ఇంత చిన్నదానికి అసిస్టెంటు ఎందుకన్నారు. నా బెల్టు వదిలేసి వాడు వెళ్ళిపోయాడు. తర్వాత సిమ్ కార్డులు కలిపి వీడియో లైవ్‌గా ఆఫీసుకి పంపే బ్యాక్‌ప్యాక్ వచ్చింది. ఇక స్పాట్ నుంచి లైవ్ పంపే ఓబీ వ్యాన్ ఎందుకు, దానికో ఇంజినీరు ఎందుకు అన్నారు. ఆ బ్యాగు మంచిదే, కాదనను. కానీ జనం పోటెత్తిన చోట టవర్లు చేతులెత్తేస్తే అన్ని సిమ్ములూ ఒకేసారి చచ్చిపోతాయి. 2018 ఆగస్టు 8న రాజాజీ హాల్ దగ్గర కరుణానిధి చివరి చూపు కోసం జనసముద్రం. నా వీపు మీద బ్యాగు, చెవిలో ఆఫీసు డెస్క్ కేకలు: “అన్నా, ఫ్రేమ్ ఆగిపోయింది!” ఆగింది ఫ్రేమ్ ఒక్కటే అయితే బాగుండు, నాకు ఊపిరి ఆడటం కూడా ఆగేట్టుంది.

చివరికి రిపోర్టరు కూడా దిగాడు. ఇప్పుడు చాలా రోజులు నేనే వెళ్తాను, బైకు మీద, ట్రైపాడ్ వీపుకి కట్టుకుని. నేనే అడుగుతాను, నేనే తీస్తాను, ఫోన్లోనే కట్ చేసి పంపుతాను. జీతం మాత్రం ఒక్కరిదే.

2020లో గాయకుడు ఎస్పీ బాలు గారి కోసం నెల్సన్ మాణిక్యం రోడ్డులో ఆస్పత్రి బయట కాపలా కాశాం. ఆగస్టు 5 నుంచి సెప్టెంబర్ 25 దాకా. మాస్కు, చెమట, గంటగంటకీ లైవ్. చూపించడానికి మా దగ్గర ఏముంది? గేటు. అసలు కబురు వాళ్ళబ్బాయి చరణ్ గారు తన ఫోన్‌తో తీసి పెట్టే వీడియోల్లో వచ్చేది. అది స్క్రీన్ మీద ఒక పక్క, నా గేటు ఇంకో పక్క. ఆ గేటు ఏ రంగో, ఎన్ని చువ్వలో ఇప్పటికీ చెప్పగలను.

నెల్లూరువాళ్ళకి బాలు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సెప్టెంబర్ 25 మధ్యాహ్నం ఆయన పోయారన్న కబురు బయటికొచ్చినప్పుడు నా చేతిలో ఫోన్ ఉంది. వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి ఏడవచ్చు, ఎవరికీ కనపడదు. సునామీ అప్పుడు నేనలాగే ఏడ్చాను. ఫోన్‌కి ఆ చాటు లేదు. చెయ్యి చాచి పట్టుకుని, ముఖం అందరి ముందూ పెట్టుకుని నిలబడాలి. పైగా మైకు కూడా నా చేతిలోనే. గొంతు పెగల్లేదు. “అన్నా, మాట్లాడండి, ఆన్ ఎయిర్‌లో ఉన్నారు” అంటోంది డెస్క్‌లో అమ్మాయి. పాపం, ఆ పిల్ల తప్పేముంది?

టేపు రైలెక్కి పోయేలోపు, ఏది చూపించాలో ఏది చూపించకూడదో ఆలోచించడానికి ఎవరో ఒకరికి ఒక పూట దొరికేది. ఇప్పుడు నా చెయ్యి ఎటు తిరిగితే అది ఇళ్ళల్లోకి వెళ్ళిపోతోంది. శవం కనపడినా, పక్కన ఏడ్చే తల్లి కనపడినా. తర్వాత తిట్లు తినేది యాంకరు కాదు, మేమే.

చట్టం మాట కూడా ఒకటి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో పత్రిక ఫొటోగ్రాఫరు ఉండేవాడు. మేం ఉండేవాళ్ళం కాదు. ఎలా ఉంటాం, మన దేశంలో టీవీ మొదలైందే 1959లో. 2020లో చేసిన లేబర్ కోడ్‌లో ఎలక్ట్రానిక్ మీడియాని చేర్చారు, అది అమల్లోకి వచ్చేసరికి 2025 నవంబర్ అయింది. అప్పటికి నా తోటివాళ్ళలో సగం మంది పెళ్ళి వీడియోలకి పోయారు. అక్కడ కనీసం భోజనం పెడతారు.

నేనేమీ బీటాక్యామ్ తిరిగి ఇమ్మనడం లేదు. ఇచ్చినా ఈ భుజం మొయ్యదు. ఫోన్‌తోనే తీస్తాను, బాగానే తీస్తాను. పోయినేడాది ఒక రోడ్‌షోలో వెనక్కి నడుస్తూ డివైడర్ తగిలి పడ్డాను, మోకాలికి నాలుగు కుట్లు. అప్పుడు ఆఫీసుకి మెయిల్ పెట్టాను: రద్దీ ఉన్న ప్రోగ్రాములకైనా నాతో ఒక మనిషిని పంపండి, వెనక పట్టుకోవడానికి, అని.

పది రోజులకి కొరియర్ వచ్చింది. విప్పి చూస్తే సెల్ఫీ స్టిక్.