కొండెక్కిన సమీకరణాలు

పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఒక్క రోజే గడువుందనగా మా గైడుగారు పుటలు తిరగేసి, నేను గ్రంథం కూర్చిన లాటెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌లో సమీకరణాలను వరుసగా పేర్చే 'ఈక్వెన్ అర్రే' (eqnarray) అనే ఆదేశం పాతబడిందనీ, అందులో సమాన చిహ్నానికి ఇరుపక్కలా ఖాళీ అవసరానికి మించి వస్తుందనీ, సమీకరణాలన్నీ 'అలైన్' (align) అనే ఆదేశంలోకి మార్చి తీరాలనీ సెలవిచ్చారు. ఆ మాట నిజమే. కాని అయిదేళ్ల క్రితం ఆ పాత నమూనా ఫైలును నా చేతిలో పెట్టినవారూ ఆయనే.

రాత్రికి రాత్రి ఫైలంతటా ఆ పేరు తీసేసి ఈ పేరు పెట్టాను. లాటెక్ కిమ్మనలేదు కనుక నిశ్చింతగా నిద్రపోయాను.

ఈ ఉదయం తిరుపతిలో జిరాక్స్ అంగట్లో నాలుగు ప్రతులకు అచ్చు మొదలయ్యాక, అక్కడి కుర్రవాడు ఒక పుట పైకెత్తి, "ఏంది మేడం, లెక్క సగం కొండెక్కిండాదే!" అన్నాడు. అతడన్నది అక్షరాలా నిజం. ఎడమ పక్షమూ, దాని కొంగు పట్టుకున్న సమాన చిహ్నమూ అలిపిరి పాదాల మండపం దగ్గరే ఆగిపోగా, కుడి పక్షం ఒక్కటే 3,550 మెట్లూ ఎక్కేసినట్లు బెత్తెడు దూరాన పుట అంచువైపు జరిగి కూర్చుంది. పాత పద్ధతిలో సమాన చిహ్నానికి అటొకటి, ఇటొకటి ఆంపర్సండ్ (&) గుర్తులుండాలి; అలైన్‌లో ముందున్న ఒక్కటే చాలు, రెండోది కనిపిస్తే అక్కడినుంచి వేరే సమీకరణం మొదలైందనుకుని దానికి దూరంగా పీట వేస్తుంది. నా వెనుక ఆధార్ నకలు కోసం నిలబడ్డ పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, సమాన చిహ్నం పక్కనున్న శూన్యాన్ని చాలాసేపు పరిశీలించి, "జవాబు ఇంకా తేలలేదా అమ్మా?" అని ఎంతో జాలిగా అడిగారు.

వాక్యం పాయింటు అనే అచ్చు కొలతలో పదో వంతుకు మించి మార్జిన్ దాటితే హెచ్చరించే లాటెక్, సమీకరణాలు నిలువునా చీలిపోతే మాత్రం మౌనవ్రతం పాటించడమేమిటో నాకు బోధపడలేదు. గైడుగారికి ఫోన్ చేస్తే, "అలైన్ అన్నాను గాని, గుడ్డిగా మార్చమనలేదే," అన్నారు.

అక్కడే బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి, రెండో గుర్తులన్నీ తొలగించి, ఆ కోపంలో లాటెక్ సమీకరణాల సంఖ్యలు రాసిపెట్టుకునే పాత అనుబంధ ఫైళ్లు కూడా తుడిచేసి, అవి మళ్లీ నిండాలంటే కనీసం రెండుసార్లు కంపైల్ చేయాలన్నది, అంటే ఫైలును అచ్చు పుటలుగా మార్చాలన్నది, మరిచి ఒకే ఒక్కసారి చేసి ఇచ్చాను. నాలుగు ప్రతులూ బైండింగు పూర్తయ్యాక కుర్రవాడు ఒకటి తెరిచి, వాక్యాల్లో సమీకరణాల సంఖ్యలను ప్రస్తావించిన ప్రతిచోటా వేలు పెట్టి చూపిస్తూ అడిగాడు: "మేడం, ఈ జంట ప్రశ్నార్థకాలు కూడా మీ లెక్కలో భాగమేనా?"