ఎగ్జాస్ట్ కంటే ముందు చేయాల్సినవి

టర్బో, రోటరీ ఇంజిన్ ఉన్న స్పోర్ట్స్ కారు మాజ్దా ఆర్‌ఎక్స్-7 ఎఫ్‌డీకి పవర్ పెంచాలంటే మొదట ఎగ్జాస్ట్ మార్చమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వరుస మార్చండి. డౌన్‌పైప్ (టర్బో నుంచి బయల్దేరే మొదటి గొట్టం) నుంచి సైలెన్సర్ దాకా అంతా అడ్డులేని ఫ్రీ-ఫ్లో పెడితే, కంపెనీ వేస్ట్‌గేట్ (టర్బోకి వెళ్లే గ్యాస్‌ని కొంత పక్కకి మళ్లించే వాల్వ్) రంధ్రం అంత గ్యాస్‌ని పక్కకి వదల్లేదు. 10 పీఎస్ఐ దగ్గర ఆగాల్సిన బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పై ఆర్‌పీఎంలో దానంతటదే ఎక్కిపోతుంది. కంపెనీ ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఆ గాలికి సరిపడా ఫ్యూయల్ మ్యాప్ (ఎంత ఇంధనం పంపాలో చెప్పే పట్టిక) లేదు. ఇంధనం చాలక డిటోనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలైతే రోటర్ కొనల్లో ఉండే అపెక్స్ సీల్ విరుగుతుంది, ఆ ముక్క పోతూ పోతూ టర్బైన్ రెక్కల్నీ కొట్టేస్తుంది.

ముందు నమ్మకమైన బూస్ట్ గేజ్, టెంపరేచర్ గేజ్ పెట్టండి. ప్లాస్టిక్ ఏఎస్‌టీ ట్యాంకు (కూలెంట్‌లోంచి గాలిని వేరుచేసేది) వేడికి పెళుసెక్కి అతుకు వెంట వెంట్రుకంత చీలుతుంది. కూలెంట్ పోయి ఇంజిన్ మరిగితే లోపలి వాటర్ సీల్స్ దక్కవు, కాబట్టి అల్యూమినియంది వేయండి. తర్వాత వేస్ట్‌గేట్ పోర్టింగ్ (దాని రంధ్రాన్ని పెద్దది చేయడం), ట్యూన్ చేయగల ఈసీయూ. అవి కుదిరాకే డౌన్‌పైప్.