బిగింపు ఉచితం, లాంఛనాలు అదనం

ఇంట్లో గీజరు పాడైతే కొత్తది కొని తెచ్చి పాతది ఉన్నచోట తగిలిస్తే సరిపోతుందన్న అపోహ మన మధ్యతరగతిలో ఇప్పటికీ బలంగా ఉంది. ఆదాయపు పన్ను రిటర్నులు సొంతంగా దాఖలు చేసుకోగలిగినంత చదువుకున్నవారు కూడా ఇలాగే నమ్ముతుండడం విచారకరం. గీజరు మార్పిడి కొనుగోలు కాదు, అదొక క్రతువు. హైదరాబాదు అపార్టుమెంట్లలో కార్తికం వెళ్ళి చలి ముదిరే రోజుల్లో మొదలై, పన్నుల విధానాన్ని, రసాయన శాస్త్రాన్ని, అపార్టుమెంటు సంఘం నియమావళిని తాకుతూ సాగే ఈ క్రతువుకయ్యే ఖర్చును దుబారా అని నిందించేవారికి సమాధానం చెప్పవలసిన అవసరం ఉంది.

ధర విషయంలోనే చాలామంది పొరపడతారు. పదిహేను లీటర్ల గీజరు పెట్టె మీద ముద్రించిన ధర పద్నాలుగు వేలు ఉంటే దుకాణదారు దాన్ని ఎనిమిది వేలకే ఇస్తాడు. అంటే కొన్నవాడు కూర్చున్నచోట ఆరు వేలు సంపాదించాడన్నమాట. ఆ సంపాదన మీద పన్ను వేయకపోవడం ప్రభుత్వ ఔదార్యమే. గీజరు మీద మాత్రం 18 శాతం జీఎస్టీ ఉంది. 2018 జూలై వరకు ఇది 28 శాతం. పుష్యమాసంలో తెల్లవారుజామున వేన్నీళ్ళు పోసుకోవడం మరీ అంత పెద్ద భోగం కాదని, జీఎస్టీ వచ్చిన ఏడాదికి పెద్దలు గుర్తించారు. ఎండతో నీళ్ళు కాచుకునే సోలార్ హీటరుకైతే 2025 సెప్టెంబరు నుంచి 5 శాతమే. కాకపోతే దాన్ని పెట్టడానికి టెర్రస్ కావాలి, టెర్రస్ ఎవరిదో తేలాలి. అది తేలిన అపార్టుమెంటు ఈ వ్యాసకర్త దృష్టికి ఇంతవరకు రాలేదు.

ఇక నక్షత్రబలం. మనుషుల జాతకాలకు ఇరవయ్యేడు నక్షత్రాలు కావలసి వచ్చాయి గాని గీజరుకు ఐదు చాలు. కరెంటు పొదుపు వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్కగట్టే ఈ నక్షత్రాలు, అంటే స్టార్ గుర్తులు, నీళ్ళు ఎంత త్వరగా కాగుతాయో చెప్పవు. కాగిన నీళ్ళను ఇరవై నాలుగు గంటలూ వేడిగా నిలవ ఉంచితే ట్యాంకు గోడల గుండా ఎంత వేడి వృథా అవుతుందో చెబుతాయి. పదిహేను లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి ఏ గీజరైనా సుమారు 0.6 యూనిట్ల కరెంటు తీసుకోవలసిందే, లోపల నీళ్ళు కాచే 2 కిలోవాట్ల ఎలిమెంటుకు దాదాపు 18 నిమిషాలు పట్టవలసిందే. మన ఇళ్ళలో స్విచ్చి వేసిన ఐదో నిమిషం నుంచే "గీజరు ఆపారా?" అంటూ వంటింట్లోంచి విచారణ మొదలవుతుంది కనుక, రోజంతా వేడిని కాపాడగల ఆ ఐదు నక్షత్రాల ప్రతిభ వెలుగు చూసే అవకాశమే లేదు. అయినా ఐదే కొనాలి, ఎందుకంటే పక్క ఫ్లాటువారికి ఐదున్నాయి.

బిగింపు పూర్తిగా ఉచితమని పెట్టె మీదే రాసి ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు. "మాకు కట్నం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అన్న వియ్యంకుడి మాటలో ఎంత నిజముందో ఇందులోనూ అంతే ఉంది. చన్నీళ్ళు లోపలికి పోయే పైపు, వేన్నీళ్ళు బయటికి వచ్చే పైపు పెట్టెలో ఉండవు, వాటికి విడిగా సమర్పించుకోవాలి. గోడ దగ్గర నీళ్ళు ఆపే పాత కుళాయి, అంటే యాంగిల్ కాక్, మెకానిక్ చెయ్యి వేయగానే ఊడి వచ్చింది కనుక కొత్తది కావాలి. కొత్త బ్రాకెట్టు పాత రంధ్రాలకు సరిపోదు కనుక కొత్త రంధ్రాలు, వాటికి ఫాస్టనర్లు కావాలి. అన్నిటా పోటీపడే కంపెనీలు తమ బ్రాకెట్టు కొలత ఇంకొకరి కొలతతో కలవకూడదన్న ఒక్క విషయంలో మాత్రం కలిసికట్టుగా ఉన్నట్టు కనిపిస్తుంది. రంధ్రం వేస్తున్నప్పుడు టైలు పగిలితే అది టైలు బలహీనత, మెకానిక్‌ది కాదు. లోపలి నీళ్ళ పైపుకే డ్రిల్లు తగిలితే, గోడలో పైపు ఎటు పోతుందో తెలియకుండా ఫ్లాటు కొన్నవాడిదే ఆ తప్పు.

ఫాల్స్ సీలింగ్ మీద అడ్డంగా పడుకునే గీజరు ఉన్నవారి కథ వేరు. నిలువు గీజరును అడ్డంగా పెట్టకూడదు. అడ్డం గీజర్లలో మళ్ళీ కుడిచేతివి, ఎడమచేతివి అని రెండు జాతులున్నాయి. గీజరుకు ఎదురుగా నిలబడితే పైపులు ఏ వైపున ఉన్నాయన్నదే ఆ జాతి నిర్ణయం. ఇది తెలియని గృహస్థు ఎడమదాని స్థానంలో కుడిదాన్ని తెచ్చి, సీలింగ్ కోయించి, పైపులు అటు నుంచి ఇటు మళ్ళించి, సిద్ధాంతం మార్చుకోవడానికి ఎంత ఖర్చవుతుందో స్వయంగా తెలుసుకుంటాడు. ఈ కోత పనంతా అపార్టుమెంటు సంఘం అనుమతించిన వేళల్లోనే జరగాలి. డ్రిల్లు మోత పగటిపూట మాత్రమే మోగాలి, ఆదివారం మోగకూడదు. పగటిపూట యజమాని ఆఫీసులో ఉంటాడు, ఆదివారం ఇంట్లో ఉంటాడు.

ఇంత చేసి కూర్చోబెట్టిన గీజరులోకి వచ్చేవి బోరు నీళ్ళు. తాగునీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన సున్నంవంటి లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, ప్రత్యామ్నాయం లేనప్పుడు 600 దాకా ఓర్చుకోవచ్చునని భారత ప్రమాణం చెబుతుంది. మన బోర్లన్నీ ఆ "ప్రత్యామ్నాయం లేనప్పుడు" అన్న మాట నీడలోనే బతుకుతున్నాయి. ఎలిమెంటు చుట్టూ సున్నపు పొర కడుతుంది, పొర మందమయ్యే కొద్దీ నీళ్ళలోకి వేడి వెళ్ళక ఎలిమెంటులోనే నిలిచి చివరికి దాన్నే కాల్చేస్తుంది. ట్యాంకుకు ఇన్నేళ్ళు, ఎలిమెంటుకు ఇన్నేళ్ళు, మిగతా భాగాలకు ఇన్నేళ్ళు అని మూడు రకాలుగా ఇచ్చిన వారంటీ కార్డును అప్పుడు తీసి చదివితే, నీళ్ళు మంచివైతేనే అది వర్తిస్తుందన్న చిన్న అక్షరాలు కనబడతాయి. అంత మంచి నీళ్ళే వస్తుంటే పాత గీజరు పోయేదా అన్న ప్రశ్న కార్డులో లేదు.

గీజరు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ఉక్కు ట్యాంకును తినవలసిన తుప్పు ముందుగా తనను తినేలా చేసి, ఆ కడ్డీ క్రమంగా కరిగిపోతుంది. ఏడాదికో రెండేళ్ళకో విప్పి చూసి మార్పిస్తే ట్యాంకు ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది, కడ్డీ ఖరీదు కొన్ని వందలే. మన మెకానిక్‌లు ఆ కడ్డీ పేరెత్తరు, మనం అడగం. అది నిశ్శబ్దంగా అయిపోయాక ట్యాంకు కారుతుంది, మనం ఎనిమిది వేలతో దుకాణానికి బయలుదేరుతాం. ఆర్థిక వ్యవస్థ చక్రాలు ఇలాగే తిరుగుతాయి కనుక ఇందులో కలుగజేసుకోవడం దేశభక్తి అనిపించుకోదు.

చన్నీళ్ళ పైపు దగ్గర బిగించే సేఫ్టీ వాల్వ్ పరిస్థితి ఇంకా దయనీయం. పదిహేను లీటర్ల నీళ్ళు 60 డిగ్రీలకు కాగితే సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తాయి. ఆ ఒత్తిడి ట్యాంకును చీల్చకుండా వాల్వ్ నాలుగు చుక్కలు బయటికి వదులుతుంది. తన పని తాను చేసినందుకు దానికి దక్కే బహుమానం "కొత్త గీజరు కారుతోంది" అన్న ఫిర్యాదు, ఆ పైన ఎం-సీల్ ముద్ద. చుక్క ఆగిపోతుంది, అందరూ సంతోషిస్తారు.

అన్నిటికీ పైన, ప్లగ్గులో కూడా పైనే ఉండే లావుపాటి పిన్ను ఎర్తుది. ఎలిమెంటు లోపల చిట్లి కరెంటు నీళ్ళలోకి దిగితే, షవరు కింద నిలబడ్డ మనిషిని వదిలి భూమిలోకి పోవడానికి దానికున్న దారి ఇదే. మన సాకెట్లలో ఆ పిన్నుకు రంధ్రం తప్పకుండా ఉంటుంది, రంధ్రం వెనక తీగ ఉండాలన్న నియమం మాత్రం అంత ఖచ్చితంగా అమలు కాదు. "ఎర్తు లేకపోయినా నీళ్ళు కాగుతాయి సార్" అంటాడు మెకానిక్, అది అక్షరాలా నిజం. తీగ లాగడం తన పని కాదు, ఎలక్ట్రీషియన్ పని. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే బిల్డరు చేయాల్సిన పని. బిల్డరు ఇప్పుడు కోకాపేట వైపు ముప్ఫై అంతస్తులు లేపుతున్నాడు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కరెంటును తెంచేసే ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో పెట్టించుకుందామని ఎవరైనా అంటే, దాని ఖరీదు గీజరు కన్నా ఎంతో తక్కువే అయినా, ఇంట్లో అందరికీ ఒక్కసారిగా పొదుపు గుర్తుకొస్తుంది. ఆ డబ్బు కలిపితే ఫోను నుంచి ఆన్ చేసుకునే గీజరే వస్తుందని పెద్దబ్బాయి లెక్క చెబుతాడు. సాయంత్రానికి ఫోనుతో సంబంధం ఉండి భూమితో సంబంధం లేని గీజరు గోడ మీదికి ఎక్కుతుంది. ఎర్తింగు సంగతి శివరాత్రి వెళ్ళాక చూద్దామని ఎలక్ట్రీషియన్ మాటిస్తాడు. శివరాత్రితో చలి ఎలాగూ పోతుంది, గీజరు వాడకమూ తగ్గుతుంది కనుక, ఆ పనిని వచ్చే కార్తికానికి వాయిదా వేయాలన్న తీర్మానానికి ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పరు.