సవరణ: మార్టిన్ జాన్సన్ సారథ్యం గురించి

ఇంగ్లండ్ రగ్బీ మాజీ ఫార్వర్డ్ మార్టిన్ జాన్సన్ లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి రగ్బీ జట్టు) చేసిన మూడు పర్యటనలకు సారథి అని గతంలో రాశాను. అది తప్పు. ఆయన నాయకత్వం వహించింది రెండింటికే: 1997లో దక్షిణాఫ్రికా, 2001లో ఆస్ట్రేలియా. మొదటి సిరీస్ 2-1తో గెలిచారు, రెండోది అదే తేడాతో ఓడారు. 1993లో న్యూజిలాండ్‌కు ఆయన వెళ్ళింది పర్యటన మధ్యలో, సహచర ఇంగ్లండ్ ఆటగాడు వేడ్ డూలీ స్థానంలో. ఆ జనవరిలో ఇంగ్లండ్ తరఫున ఫ్రాన్స్‌పై తొలి టెస్టు (అంతర్జాతీయ మ్యాచ్) ఆడిందీ డూలీ గాయపడటం వల్లే. ఇంకొకరి చోటులోకి వచ్చి జట్టునే నడిపే స్థాయికి ఎదిగిన మనిషి కథను నా పొరపాటు చెరిపేసింది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

2003 ప్రపంచకప్ ఫైనల్ గురించి రాసింది కూడా అసంపూర్ణమే. సిడ్నీలో అదనపు సమయం చివరి క్షణాలు, స్కోరు 17-17. బంతిని అందించాల్సిన మాట్ డాసన్ అప్పటికే ఆటగాళ్ళ గుంపు కింద చిక్కుకుని ఉన్నాడు. అప్పుడు జాన్సన్ బంతి పట్టుకుని నేరుగా ఆస్ట్రేలియా ఆటగాళ్ళలోకి దూసుకెళ్ళాడు. ఆ కొద్దిపాటి వ్యవధిలో డాసన్ లేచి తన చోటికి చేరుకున్నాడు. తర్వాతి పాస్ అందుకున్న జానీ విల్కిన్సన్ కుడికాలితో డ్రాప్ గోల్ (బంతిని నేలకు వదిలి, అది పైకి లేస్తుండగా గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం, మూడు పాయింట్లు) కొట్టాడు. ఇంగ్లండ్ 20-17తో గెలిచింది. నేను విల్కిన్సన్ పేరొక్కటే రాశాను. ఇంగ్లండ్ తరఫున జాన్సన్‌కు అదే చివరి మ్యాచ్, 84వది.